కొమ్ములు మొలిచిన మా నాయన

బొమ్మకు అర్థం చెప్పమని వచ్చేవాళ్ళంటే నాకు మొదట్నించీ పడదు. వాళ్ళు అర్థం తెలియక రారు. తమ అర్థాన్ని జేబులో పెట్టుకునే వస్తారు, దానికి మన చేత తల ఊపించుకుని పోదామని. పోయిన ఎండాకాలం కోలారులో మా ఇంటి తలుపు తట్టిన ప్రవీణ్ అనే కుర్రాడూ ఆ బాపతే. కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర మేము పోయే చర్చికి పెద్దగా ఉండిన దేవసహాయం గారి మనవడు. పొద్దున రైలెక్కి బెంగళూరుకు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరే ఉద్యోగం అతనిది. చర్చి పక్కనున్న హాలు పైకప్పు మారుస్తుంటే బీరువా వెనక దొరికిందని, అట్టకు అంటించిన ఒక పాత బొమ్మను దుప్పట్లో చుట్టి బస్సులో మోసుకొచ్చాడు. దాన్ని మా మంచం మీద పరిచి, ఏదో పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు మురిసిపోతూ నిలబడ్డాడు.

ఆ బొమ్మ నేను గీసిందే. బడి చదువు అయిపోయిన ఏడాది, నల్ల ఇంకుతో. రెండు ప్రాణులు కలబడుతుంటాయి అందులో. ఒకటి ఒళ్ళంతా నలుపు, కాకి రెక్కలు, నుదుటి మీద దీపం. రెండోది తెలుపు, నున్నని మొహం, గాల్లో తేలే పొడుగాటి జుట్టు, అరచేతుల్లో నోళ్ళు. నల్లదాని తల మీద రెండు కొమ్ములు, వెనక ఒక తోక. బొమ్మంతా ఇప్పటికీ కాటుకలాగా నల్లగా ఉంది, ఆ కొమ్ములూ తోకా మాత్రం వెలిసిపోయి టీ మరకల రంగుకొచ్చాయి. చూడగానే నా ఒళ్ళు మండింది.

"చర్చి వార్షికోత్సవ సంచికలో వేస్తా ఉండాము ఆంటీ. కింద చిన్న వివరణ నేనే రాసినాను. మీరు సరే అంటే చాలు" అని ఫోను తీసి చదివాడు. నలుపు పాపానికి గుర్తట. తెలుపు పరిశుద్ధతకు గుర్తట. కొమ్ములు గర్వం, తోక మోసం, నుదుటి మీది ఒంటికన్ను దురాశ. కేజీఎఫ్‌లో పుట్టి, అండర్‌గ్రౌండుకు దిగినవాళ్ళ ఇంట్లో పెరిగి, టోపీకి తగిలించుకునే దీపాన్ని పట్టుకుని ఒంటికన్ను అంటాడు! అతనికి కాఫీ ఇవ్వాలనిపించలేదు. ఇచ్చాను. అతను తాగుతూ ఉంటే, నేను ఆ బొమ్మ వంకే చూస్తూ కూర్చున్నాను.

గనిని సర్కారు తీసుకుని అప్పటికి చాలా కాలమైంది. దొరల బంగళాల్లో మన ఆఫీసర్లు కాపురముండేవాళ్ళు. మేము లైన్లలో ఉండేవాళ్ళం. లైన్లంటే ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా కట్టిన ఇరుకు ఇళ్ళు, పక్కింట్లో తిరగమాత వేస్తే మా ఇంట్లో తుమ్ములు. మా తాత చిత్తూరు దిక్కు పల్లెలోంచి వచ్చి గనిలో చేరాడు. మా నాయన రత్నం కూడా గనిలోకే దిగాడు. ఆయనది డ్రిల్లింగు పని, బండలో రంధ్రాలు వేయడం. షిఫ్టు కూత వినపడితే మా అమ్మ సువార్తమ్మ పెరట్లో నీళ్ళు కాచే అండా కింద మంట ఎగేసేది. మా లైన్లలో అందరి ఇళ్ళలోనూ ఆ వేళకు అండాలు మరిగేవి. నీలగిరి ఆకుల పొగ వీధంతా కమ్ముకునేది. ఇవాళ్టికీ ఎక్కడైనా నీలగిరి ఆకు కాలిన వాసన వస్తే, ఎవరో పని నుంచి ఇంటికి వస్తున్నారనే నాకు అనిపిస్తుంది.

నాయన తెల్లగా వచ్చేవాడు. అది చెబితే ఇప్పటివాళ్ళకు అర్థం కాదు. జుట్టు తెలుపు, కనుబొమలు తెలుపు, చెవులు తెలుపు, పిండిమరలో పడి లేచిన మనిషిలాగా. బండను తొలిచినప్పుడు లేచే దుమ్ము అది. గనిలోకి దిగే షాఫ్టు దగ్గర కుళాయిల కింద కాళ్ళూ చేతులూ కడుక్కున్నా, పూర్తిగా వదలాలంటే ఇంటికొచ్చి అమ్మ చేత పోయించుకోవాల్సిందే. చిన్నప్పుడు నేను ఆ తెల్లమనిషిని చూసి జడుసుకుని తలుపు వెనక దూరేదాన్ని. లోపల్నుంచి "అమ్మా, నాయన వచ్చినాడా?" అని అరిచేదాన్ని. "ఇంగా రాలేదు, కడుగుతా ఉండాను, ఉండు" అనేది అమ్మ. చెంబు మీద చెంబు పోసేది, కొబ్బరి పీచుతో వీపు తోమేది, నీళ్ళు పాలలాగా కాలవలోకి పారేవి. మెడ దగ్గర మొదలై, భుజాలు, రొమ్ము, ఆఖరున మొహం, నల్లగా నిగనిగలాడుతూ మా నాయన బయటికొచ్చేవాడు. "ఇదిగో వచ్చినాడు మీ నాయన, తీసినాను చూడు" అనేది అమ్మ. అప్పుడు పోయి ఆయన తడి ఒడిలో పడేదాన్ని. రాగిసంగటి, ఆకుకూర వార్చిన నీళ్ళతో కాచిన బస్సారు వేడిగా పెట్టుకుని, అదే కంచంలోంచి నాకు ముద్దలు పెట్టేవాడు. నలుపంటే నాకు అన్నం పెట్టే చెయ్యి. తెలుపంటే దుమ్ము, దాన్ని వదిలించుకున్నాకే మనిషి మనిషవుతాడు. బళ్ళో ఎవరేం నేర్పినా నా కంటికి రంగులు అట్లాగే స్థిరపడ్డాయి.

నేను పెద్దదాన్నయ్యేసరికి తెలుపు వదలడం మానేసింది. పైదాన్ని అమ్మ కడిగేది, లోపలికి పోయినదాన్ని ఎవరు కడుగుతారు? నాయన దగ్గుతో లేచేవాడు, దగ్గుతో కూర్చునేవాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు, గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు. లైన్లలో దగ్గంటే టీబీయే. ఇరుగుపొరుగు వాళ్ళు తమ పిల్లల్ని మా గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. అమ్మ కూడా ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టింది. దుమ్ము అనే మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. ఆషాఢంలో గాలి లేచిందంటే బంగారం తీసేశాక మిగిలిన బండపిండిని పోసిన సైనైడు దిబ్బ మీది తెల్లని పొడి కూడా వచ్చి సంగటి మీద, నీళ్ళ బిందెల మీద, పిల్లల రెప్పల మీద పడేది. దులుపుకుని తినేవాళ్ళం. దాన్నీ ఎవరూ తిట్టలేదు. తిడితే ఏమవుతుందని భయమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంక దేవసహాయం గారు. చర్చికి పెద్ద. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నాలుగు మడతలు పెట్టిన తెల్ల చేతిరుమాలు, వానొచ్చినా ఎండొచ్చినా గొడుగు. వయసులో ఆయనా అండర్‌గ్రౌండులో కప్పు కూలకుండా దూలాలు నిలబెట్టినవాడే, తర్వాత మేస్త్రీ అయ్యాడు. మేస్త్రీ అయినప్పట్నించీ ఏది మంచో ఏది చెడో చెప్పే పని కూడా ఆయనే తీసుకున్నాడు. పూలు పెట్టుకుంటే చెడు, సినిమాకు పోతే చెడు, పక్క లైనులో గంగమ్మ జాతర పలకల చప్పుడుకు కాలు కదిలితే ఇంకా చెడు. ఆయన వేలు ఎవరి మీదికి తిరిగితే వాళ్ళు ఆ ఆదివారం తల దించుకోవాల్సిందే. ఆ మనిషంటే నాకు అసహ్యం. అప్పుడు బయటికి చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

చర్చిలో చేసే పంట పండుగకు హాలు గోడ మీద పెద్ద బొమ్మ ఒకటి ఉండాలన్నది ఆయన ఆలోచనే. దేవదూత ఘటసర్పంతో, అంటే సాతానుతో, పోరాడే బొమ్మ. "రత్నం కూతురు బొమ్మలు బాగా వేస్తాది కదా, వెయ్యమను" అని కబురు పెట్టాడు. నాయన మొహం వెలిగిపోయింది. అప్పటికి ఆయన పనికి పోవడం మానేశాడు. వీధి చివరిదాకా నడిస్తే మూడుచోట్ల ఆగాల్సి వచ్చేది. "నువ్వు వేసిన బొమ్మ హాల్లో ఉండేది కండ్లారా చూడాలమ్మా. ఇంగ నాకేం వద్దు" అన్నాడు. ఆయన ఆ మాట ఊరికే అనలేదని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. పంట పండుగకు ఇంకా నెలన్నర ఉంది. అంతదాకా ఆయన ఉంటాడా అని మేమిద్దరం ఒకరినొకరం అడక్కుండానే రోజులు లెక్కపెట్టుకున్నాం.

ఇంకు బొమ్మలో తెలుపు అనే రంగు ఉండదు. ముట్టుకోకుండా వదిలేసిన కాగితమే తెలుపు. కాబట్టి ఘటసర్పానికి బదులు పెట్టిన నా తెల్ల రాక్షసిని నేను గీయలేదు, దాని చుట్టూ గీశాను. సన్నని పాళీతో గీత పక్కన గీత పేర్చుకుంటూ పోతే, మధ్యలో మిగిలిపోయిన ఖాళీ నెమ్మదిగా ఒళ్ళు తెచ్చుకుంది. మొహం అందంగా వేశాను. దుమ్ము అందంగానే ఉంటుంది, ఎండ పడితే మెరుస్తుంది కూడా. జుట్టును గాలిలాగా వదిలాను. మనిషి ఊపిరిని తాగేది కాబట్టి అరచేతుల్లో నోళ్ళు పెట్టాను. దేవదూతకు నాయన్నే ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. రొమ్ము ఎముకలు తేలిపోయి ఉన్నాయి, అయినా భుజాలు భుజాలే. ఒంటి నిండా ఇంకు నింపి, కండ తెలిసేలా వెంట్రుకవాసి గీతలు మాత్రం వదిలాను. నుదుటి మీద ఆయన దీపం పెట్టాను. "రెక్కలు ఏ పక్షివి పెడతావమ్మా?" అని అడిగాడు. కాకివి అన్నాను. "మంచిది. అదైతే మన లైన్లదే" అని నవ్వి దగ్గాడు. బొమ్మ పూర్తయ్యాక చాలాసేపు చూశాడు. ఏది ఏమిటని ఒక్క ముక్క అడగలేదు. ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

హాల్లో పెద్దలు అందరూ బెంచీల మీద కూర్చుని చూశారు. నాయన వస్తానంటే వద్దన్నాను, వినకుండా అమ్మ భుజం పట్టుకుని వచ్చాడు. దేవసహాయం గారు కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి పోయి, "బాగుండాది. కానీ సాతాను గెలుస్తా ఉండాడే! దేవదూతను గొంతు పట్టుకున్నాడే! ఇదేందిమ్మా?" అన్నాడు.

"నల్లది దేవదూత అయ్యా. తెల్లది చెడు" అన్నాను.

హాలంతా ఒక్కసారి కదిలింది. ఎవరో నవ్వారు. "దేవదూత నల్లగా ఉంటాడా యాడైనా? ఏ క్యాలెండర్లో చూసినావు?" అన్నాడు ఆయన.

"ఈ రూములో తెల్లగా ఎవరుండారయ్యా?" అన్నాను. అమ్మ నా చెయ్యి గిల్లింది. నేను ఆగలేదు. "మా నాయన నలుపు, మీరు నలుపు. పని నుంచి తెల్లగా వస్తే ఇంటి ఆడోళ్ళు కడిగి లోపలికి తీసుకుంటా ఉండారు. ఆ తెలుపే కదా మా నాయన రొమ్ములో కూర్చునింది. అది చెడు కాకపోతే ఇంకేది చెడు?"

ఆ బెంచీల మీద కూర్చున్న మగవాళ్ళలో దగ్గు లేనివాడు లేడు. వాళ్ళ భార్యలందరూ రోజూ అండా కింద మంట వేసినవాళ్ళే. ఒక్కరన్నా, ఒక్కరన్నా "ఆ పిల్ల చెప్పింది నిజమే" అంటారని నేను వాళ్ళ మొహాలు చూశాను. అందరూ నేల చూశారు. గనిలోకి దిగని మనుషులు తప్పు చదివితే సరే అనుకుందును. వీళ్ళు తమ ఒంటి మీద ఉన్నదాన్నే ఎవరో అచ్చేసిన క్యాలెండరు చూసి తిరగేసి చదివారు. నా కోపం అందుకే.

"మనం పాపులం కాబట్టే నల్లగుండాము" అన్నాడు దేవసహాయం గారు, మెల్లగా, బైబిల్ వాక్యం చెబుతున్నట్టు. "రంగులు మార్చి తీసుకురా, గోడకు తగిలిస్తాము. లేదంటే లేదు."

"మార్చను" అన్నాను.

"సుమ్మనే ఉండు ఎస్తేరూ!" అంది అమ్మ ఏడుపు గొంతుతో. నాయన మాత్రం గోడ వైపు చూశాడు, బొమ్మ ఉండాల్సిన చోటు వైపు. "దేవసహాయమన్నా, బిడ్డ కష్టపడి వేసింది. ఎట్లనో ఒకట్ల తగిలించు" అన్నాడు. మా నాయన ఒకరిని అంతగా బతిమాలడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. బొమ్మను అక్కడే వదిలేసి, ఆయన్ను నడిపించుకుంటూ ఇంటికొచ్చాం.

పండుగ రోజు గుమ్మడికాయలు, రాగి కంకులు, అరటిగెలలు పేర్చిన హాల్లోకి పోతే బొమ్మ గోడ మీద ఉంది. బొమ్మలో నాయన తలకు కొమ్ములున్నాయి. వెనక తోక ఉంది. బడిపిల్లలు సైతాను బొమ్మలకు పెడతారే, అట్లాంటి మొరటు కొమ్ములు. దేవసహాయం గారు దాచనన్నా దాచలేదు. "నా పెన్నుతోనే నేనే పెట్టినాను. ఇప్పుడు చూసేవాళ్ళకు ఏ అనుమానమూ ఉండదు" అని అందరికీ చెప్పుకుంటున్నాడు. పిల్లలు నాయన వైపు వేలు చూపించి "సైతాను, సైతాను" అంటూ గంతులేస్తున్నారు. నేను బెంచీ ఎక్కి దాన్ని పీకేయబోతే నాయన నా కొంగు పట్టుకుని ఆపాడు. బొమ్మను పైనుంచి కిందిదాకా చూశాడు. నవ్వు వచ్చింది ఆయనకు, నవ్వుతో పాటు దగ్గు. దగ్గు ఆగాక, "పోనీలేమ్మా, రెక్కలు పీకలేదు కదా" అన్నాడు.

ఆ మాట విన్నవాళ్ళు ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మంచితనం మీద కూడా కోపమే వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిన దశలో తన తల మీది కొమ్ములతో కూడా సర్దుకుపోవాల్సి రావడం మంచితనమా? క్రిస్మస్ రాకముందే ఆయన పోయాడు. పెట్టెను ఆ హాల్లోనే, ఆ బొమ్మ కిందే పెట్టారు. ప్రార్థన దేవసహాయం గారే చేశాడు. వెలుగు చీకటిని జయించిందని, తెల్లని వస్త్రాలు మన కోసం సిద్ధంగా ఉన్నాయని చెప్పాడు. పెట్టెలో నాయనకు తెల్ల గుడ్డలే తొడిగారు. అమ్మ నా చేతిని నొక్కి పట్టుకోకపోతే నేను ఆ రోజు ఏం చేసి ఉండేదాన్నో చెప్పలేను.

ఆ తర్వాత నేను కోలారుకు వచ్చి, ఒక బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పుతూ జీవితం గడిపేశాను. రాక్షసిని వేయమంటే ప్రతి పిల్లా నల్ల క్రేయానే తీసింది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. గని మూతపడింది. దిబ్బ మీదికి ఎక్కి జనం ఫోటోలు దిగుతున్నారట, వెనక ఆ తెల్లని కొండ భలే ఉంటుందట. లైన్లలో ఇప్పుడు అండాలు లేవు, కడగాల్సిన తెల్లమనుషులు రావడం లేదు కదా. బాగుపడ్డాం అనుకోవాలి. కానీ అప్పుడు కనీసం రోజుకొకసారి ఆ తెలుపును నీళ్ళు పోసి వదిలించేవాళ్ళం. ఇప్పుడు దాని పేరే ఎవరికీ గుర్తులేదు, ఫోన్లో మాత్రం పరిశుద్ధత అని రాసుకుంటున్నారు.

ఇదంతా ప్రవీణ్‌కు చెప్పాను, గొంతు తగ్గించకుండానే చెప్పాను. అతని కాఫీ చల్లారిపోయింది. "తాత పెట్టినాడని నాకు తెలీదాంటీ" అన్నాడు. "కావాలంటే కంప్యూటర్లో కొమ్ములు చెరిపేస్తా. నిమిషం పని."

"చెరపొద్దు. ఉండనీ. కొమ్ములు ఎవరు పెట్టినారో పేరుతో సహా కింద రాయి" అన్నాను.

తర్వాత నేనే అడిగాను, "మీ తాత ఏ జబ్బుతో పోయినాడప్పా?"

"టీబీ. నేను చిన్నోణ్ణి. పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చునే ఉండేవాడు. పిలిచేవాడు నన్ను. అంటుకుంటాదని అమ్మ దగ్గరికి పోనీలేదు. వాకిట్లోంచే చూసేవాణ్ణి."

నేను మంచం మీదికి వంగి, బొమ్మలో ఇంకు తగలని చోట, ఆ అందమైన మొహం మీద వేలు పెట్టాను. "టీబీ కాదు నాయనా. ఇది. నువ్వు దగ్గరికి పోయుండొచ్చు. ఒడిలో కూర్చోనుండొచ్చు. నీకేమీ అయ్యుండేది కాదు."

కుర్రాడి కళ్ళు నా వేలి మీదే ఆగిపోయాయి. అతని మీద జాలేసింది, ముసలాయన మీద కోపం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. తన ఒంట్లో కూర్చున్నదాని పేరు ఆయనకు తెలియక కాదు. ఆ రోజు హాల్లో నేనే చెప్పాను, అందరి ముందూ, ఆయన మొహం మీదే. బొమ్మను ఫోన్లో ఫోటో తీసుకుని, దాన్ని నా దగ్గరే వదిలేసి, దుప్పటి మాత్రం మడత పెట్టుకుని ప్రవీణ్ వెళ్ళిపోయాడు. "రాస్తానాంటీ. అంతా రాస్తాను" అన్నాడు గుమ్మంలో.

సంచిక వచ్చింది. అతను తేలేదు, పోస్టులో వచ్చింది. నా బొమ్మ లేదు. దాని చోట ఎక్కడో దొరికిన తెల్ల రెక్కల దేవదూతను రంగుల్లో అచ్చేశారు. పక్క పేజీలో తెల్ల చొక్కాతో దేవసహాయం గారి ఫోటో, కింద మనవడు ప్రవీణ్ పేరుతో నాలుగు వాక్యాలు. సంఘానికి వెలుగుగా నిలిచారని, పిల్లలంటే ఆయనకు ప్రాణమని, కొంతకాలం క్షయవ్యాధితో బాధపడి ప్రభువునందు నిద్రించారని.